క్రొత్త నీటికి ఎదురెక్కు చేపలు

వేసవి గడచి తొలకరి వానలు కురిసిన పిదప నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములలో ఏ వాగు ఒడ్డుననైనను, ఏ చెరువు అలుగు క్రిందనైనను ఒక వింతను చూడవచ్చును. నీరు పల్లమునకు పారుచుండును. చేపలు మాత్రము ఆ నీటికి ఎదురుగా మెరకవైపు ఈదుచుండును. మత్తడి మీదినుండి దూకు ధారను దాటుటకు వ్రేలెడు పొడవుగల పరిగెలు సైతము ఎగిరెగిరి పడుచుండును. ఊరివారు విసురువలలు, ఊతలు, వెదురుబుట్టలు తీసికొని అక్కడ చేరుదురు. ఇతర దినములలో ప్రొద్దంతయు గాలము వేసినను చిక్కని చేప ఆనాడు గంటలో బుట్టనిండ చిక్కును.

ఎన్నడును లేనిది ఆనాడు చేప ఇంత సులభముగ ఎందుకు దొరకుచున్నది? అది ఎక్కడికి ప్రయాణము చేయుచున్నది? ఆ ప్రయాణము నడుమ ఆగిపోయినచో ఏమగును? ఈ ప్రశ్నలకు జీవశాస్త్రము కొంత సమాధానము చెప్పును. చరిత్ర కొంత చెప్పును. రెండింటిని కలిపి చూచిన గాని విషయము పూర్తిగ బోధపడదు.

ప్రయాణమునకు కారణము

బొచ్చె, రవ్వ, మోసు మొదలగు పెద్ద చేపలు నిలువ నీటిలో చక్కగ పెరుగును గాని అందులో సాధారణముగ గ్రుడ్లు పెట్టవు. ఎండాకాలము చివరకు ఆడచేప కడుపులో గ్రుడ్లు పక్వమునకు వచ్చును. కాని అవి వెలువడుటకు ఒక సంకేతము కావలెను. వాన కురిసి నీరు చల్లబడుట, నీటిమట్టము పెరుగుట, బురదతో కూడిన క్రొత్త ప్రవాహము వచ్చి తాకుట, ఇవన్నియు కలసి ఆ సంకేతమగును. చేప శరీరమునకు ఇరుప్రక్కల తలనుండి తోకవరకు పార్శ్వరేఖ యను జ్ఞానేంద్రియము కలదు. నీటి కదలికలను చేప దానితో గుర్తించును. ఈ వార్త మెదడునకు చేరగా, మెదడు క్రింద నుండు పీయూష గ్రంథి కొన్ని రసములను రక్తములోనికి వదలును. ఆ రసములు అండాశయమును ప్రేరేపించును. అంతట చేప ప్రవాహమునకు ఎదురు తిరిగి, వరదనీరు క్రొత్తగ ముంచిన లోతులేని గడ్డినేలలకు పోయి గ్రుడ్లు పెట్టును.

ఆ స్థలము నెన్నుకొనుటలో ప్రయోజనము కలదు. అక్కడి నీటిలో ప్రాణవాయువు హెచ్చు. పెద్ద చేపల బెడద తక్కువ. మునిగిన గడ్డి కుళ్ళుటవలన పిల్లలకు కావలసిన సూక్ష్మజీవులు సమృద్ధిగ పుట్టును. కిలో బరువుగల ఆడ రవ్వచేపలో సుమారు రెండు లక్షలు, అంతకు మించి కూడ గ్రుడ్లుండును. అవి పదునైదు ఇరువది గంటలలోనే పిల్లలగును. వరద తీయులోపల ఆ పిల్లలు చెరువులోనికో నదిలోనికో దిగిపోవలెను. కాబట్టి ఒక్క ఆడచేపను అలుగు దాటకముందు పట్టుటయు, దాటి వచ్చిన పిదప పట్టుటయు ఒకటి కావు. తూకములో రెండింటికి భేదము స్వల్పమే. చెరువునకు మాత్రము ఆ భేదము లక్షలలో నుండును.

అన్ని చేపలును ఒకే తీరున ప్రయాణము చేయవు. గోదావరిలోని పులస సముద్రములో పెరిగి, వరదల కాలమున నదిలోనికి ఎక్కి గ్రుడ్లు పెట్టును. సముద్రములో నుండగా దీనినే విలస యందురు. మలుగు పాము దీనికి విరుద్ధము. అది నదులలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునకు పోవును. దాని పిల్లలు తిరిగి నదుల నెక్కివచ్చును. మన కొర్రమీనుకు ప్రవాహముతో పనిలేదు. అది నాచులో గూడువంటి తావు చేసికొని గ్రుడ్లు పెట్టి, ఎర్రని పిల్లల గుంపునకు కావలి కాయును. కావలి కాయు తల్లిదండ్రులను పట్టినచో గుంపు మొత్తము ఇతర చేపల పాలగును. తెలంగాణ ప్రభుత్వము 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించినది ఈ కొర్రమీనునే.

శాసనములలో, గ్రంథములలో చేప

చేపలను పట్టకుండ విడువవలసిన దినములు కొన్ని యుండవలెనను భావము మనదేశములో క్రొత్తది కాదు. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమైన ఇరువదియారు సంవత్సరములకు వ్రాయించిన అయిదవ స్తంభశాసనములో, నాలుగేసి మాసముల ఋతువులకు సంబంధించిన మూడు పున్నములకును, తిష్య పున్నమకును మూడేసి దినములు, మరియు ఉపవాస దినములలోను చేపలను చంపరాదనియు అమ్మరాదనియు ఆజ్ఞాపించెను. అందులో ఒకటి వానకాలపు ఆషాఢ పున్నమ. ఈ ఆజ్ఞకు మూలము ధర్మబుద్ధియే యైనను, ప్రసిద్ధ మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా దీనిని శాస్త్రదృష్టితో పరిశీలించి 1950లో ఒక వ్యాసము ప్రకటించెను.

చేపలను పట్టు విద్యకు సంబంధించిన గ్రంథము మన ప్రాంతమునకు మరింత దగ్గరిది. కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు (1126–1138) సంస్కృతమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమను ప్రకరణము కలదు. కొలనుపాక, అలంపురము మొదలగు మన ప్రాంతపు స్థలములు ఆ చాళుక్యుల రాజ్యములోనివే. గాలపు దారమును ఎట్లు పేనవలెను, కఱ్ఱ ఎట్టిదిగ నుండవలెను, చేపలను ఒకచోటికి మరగించుటకు ఎట్టి మేత వేయవలెను అను సంగతులను రాజు శ్రద్ధగ వ్రాసెను. చేపలను సముద్రములోనివి, మంచినీటివి అనియు, పొలుసు గలవి, పొలుసు లేనివి అనియు విభజించెను. హోరా 1951లో ఈ ప్రకరణమును గూర్చియు వ్రాసి, దానిని లోకమునకు పరిచయము చేసెను. నేటికి సుమారు తొమ్మిది వందల సంవత్సరములకు పూర్వమే గాలపు వేట మన దక్కనులో వినోదముగను, పరిశీలనకు తగిన విద్యగను ఉండెనని దీనివలన తెలియుచున్నది.

ఆ కాలమునకు దగ్గరగనే ఈ మెట్టప్రాంతము చెరువుల ప్రాంతమైనది. కందూరు చోడుల రాజధాని పానగల్లులో, అనగా నేటి నల్లగొండ పట్టణపు ప్రక్కన, ఉదయసముద్రము త్రవ్వబడినది. ఒక చెరువు అలుగునీరు వాగులో పడి దిగువ చెరువును నింపును. దాని అలుగు మరియొక చెరువును నింపును. ఈ గొలుసు చెరువులు సాగునీటి కొరకు కట్టినవి. కాని వానకాలమున అవియే చేపలకు మెట్లవరుసగ ఉపయోగపడినవి. కట్ట ఎంత ఎత్తైనను అలుగు సామాన్యముగ తక్కువ ఎత్తున, రాళ్ళు పరచి ఏటవాలుగ నుండును. నీరు నిండుగ పారునపుడు బలముగల చేప దానిని దాటగలదు.

ఆనకట్టలు – మొదటి సందేహము

నదులకు అడ్డముగ పెద్ద ఆనకట్టలు పందొమ్మిదవ శతాబ్దములో వచ్చినవి. గోదావరిపై ధవళేశ్వరము కడ 1847–1852 నడుమను, కృష్ణపై బెజవాడ కడ 1852–1855 నడుమను కట్టబడిన ఆనకట్టలు డెల్టా ప్రాంతమును కరవునుండి కాపాడినవి. అయితే ఇవి చేపల దారిని మూయుచున్నవేమో యను ప్రశ్నను ప్రభుత్వమునకు వినిపించినవాడు మరెవ్వడో కాదు, ధవళేశ్వరపు ఆనకట్టను కట్టిన ఆర్థర్ కాటనే. 1860 దశకములో ఆయన, నదుల కడ్డముగ నిర్మించిన కట్టలవలన మత్స్యసంపదకు హాని కలుగుచున్నదేమో విచారింపవలెనని కోరెను. తాను కట్టినదానిని గూర్చి తానే సందేహము లేవనెత్తుట శాస్త్రజ్ఞునకు తగిన గుణము.

ఈ విచారణ మద్రాసు సైన్యములో వైద్యుడుగ నుండిన ఫ్రాన్సిస్ డేకు అప్పగింపబడినది. ఆయన దేశమంతట తిరిగి చేపలను సేకరించి, 1873లో భారతదేశపు, బర్మా దేశపు మంచినీటి చేపలను గూర్చి పెద్ద నివేదిక సమర్పించెను. ఆనకట్టలు దోషములలో ఒకటి మాత్రమే యని ఆయన కనుగొనెను. గ్రుడ్లతో ఎదురెక్కు చేపలను చిన్న వాగులలో అడ్డుకట్టలు వేసి పట్టుట, పొలముల నుండి నీరు దిగుచోట బుట్టలు పెట్టి పిల్లలను తుడిచివేయుట, కన్ను మిక్కిలి చిన్నదైన వలలను వాడుట అంతకు తక్కువ హాని చేయుట లేదని వ్రాసెను. తరువాత 1897లో వచ్చిన భారత మత్స్య చట్టము నీటిలో మందుగుండు ప్రేల్చుటను, విషము కలుపుటను నిషేధించినది. స్థిరముగ పాతు బుట్టలను, వల కన్ను పరిమాణమును నియమించు అధికారమును ప్రభుత్వములకు ఇచ్చినది. అప్పటికి నల్లగొండ, మహబూబునగరము నిజాము రాజ్యములో నుండుటచే ఆ చట్టము ఇక్కడికి వర్తింపలేదు. హైదరాబాదు రాష్ట్రపు చేపలను గూర్చి ఎం. రహిముల్లా చేసిన సర్వే 1940 దశకములో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వెలువడినది.

కృష్ణపై గోడలు

కృష్ణానది తంగిడి కడ మహబూబునగరము ప్రాంతములో ప్రవేశించి, అలంపురమునకు దిగువన తుంగభద్రను కలుపుకొని, నల్లమల కొండల నడుమ ఇరుకైన లోయలో ప్రవహించి, నల్లగొండ ప్రాంతపు వాడపల్లి కడ మూసీని చేర్చుకొనును. రాళ్ళమీద దూకుచు, మడుగులలో నిలుచుచు పారు ఇట్టి నది చేపలకు మిక్కిలి అనుకూలమైనది. వేసవిలో అవి మడుగులలో దాగి, వరద రాగానే ఉపనదుల లోనికి ఎక్కును.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడినది. నది అడుగునుండి దాని ఎత్తు సుమారు 124 మీటర్లు. దానికి ఎగువన శ్రీశైలము ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగి, 1980 దశకపు ఆరంభమున పని పూర్తియైనది. ఇంకను ఎగువన జూరాల 1995లో ప్రారంభమైనది. దిగువన పాత బెజవాడ ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బారేజీ వచ్చినది. ఈ విధముగ నది నలువది సంవత్సరముల లోపల తునకలు తునకలైనది.

ఇవి మనకు తిండి, వెలుగు ఇచ్చిన కట్టడములు. నల్లగొండ ప్రాంతపు బీళ్ళు మాగాణులైనది సాగరపు ఎడమకాలువ వలననే. అయినను శాస్త్రము లెక్కను రెండువైపుల వ్రాయవలెను. గ్రామపు అలుగును దాటగల చేప 124 మీటర్ల గోడను దాటలేదు. పడమటి దేశములలో ఆనకట్టల ప్రక్క చిన్న చిన్న తొట్లను మెట్లవలె కట్టి, చేపలు ఒకదానినుండి మరియొకదానిలోనికి ఎగురునట్లు ఏర్పాటు చేయుదురు. వీనిని చేపల మెట్లందురు. సాల్మను వంటి ఎగురు చేపలకు, తక్కువ ఎత్తుగల కట్టలకు అవి పనికివచ్చును. ఇంత ఎత్తుకు, మన చేపల అలవాట్లకు అవి తగవు. పైగా గోడ ఒక్కటే అడ్డంకి కాదు. గోడ వెనుక రాతినది పోయి సరస్సు ఏర్పడినది. నాగార్జునసాగరపు జలాశయము సుమారు 285 చదరపు కిలోమీటర్లు పరచుకొన్నది. పారు నీటిలో బ్రదుకు చేపలు అందులో తగ్గును. నిలువనీటిలో బ్రదుకగలవి పెరుగును. మహసీరు వంటి రాతిమడుగుల చేపలకు నష్టము, బొచ్చెకు లాభము.

చిన్న ప్రాజెక్టులలోను ఈ భేదమును గమనింపవచ్చును. వనపర్తి దగ్గర 1959లో పూర్తియైన సరళాసాగరము సైఫన్ల ఏర్పాటునకు పేరుపొందినది. నీటిమట్టము హద్దు మీరగానే మనుష్యుని ప్రమేయము లేకుండ సైఫన్లు తమంతట తామే నీటిని దిగువకు లాగివేయును. యంత్రశాస్త్ర దృష్టితో అది ముచ్చటైన ఉపాయము. చేపకు మాత్రము పాతకాలపు ఏటవాలు మత్తడివలె అది ఎక్కదగిన మార్గము కాదు.

అట్లాంటిక్ తీరపు ఒక పాఠము

వలసచేపను మనుష్యులు చేజేతుల పోగొట్టుకొని, నియమము పాటించి మరల సంపాదించుకొన్న కథ ఒకటి అమెరికాలో కలదు. ఆ చేప పేరు చారల బాస్. వెండివంటి ప్రక్కలమీద ఏడెనిమిది నల్లని చారలుండును. వసంతకాలమున అది చెసపీక్ అఖాతము, హడ్సన్ మొదలగు నదుల మంచినీటిలోనికి ఎక్కి గ్రుడ్లు పెట్టును. వేసవిలో సముద్రతీరము వెంట ఉత్తరమునకు పోవును. చలి తగులగానే చిన్న చేపల గుంపులను తరుముచు దక్షిణమునకు మరలును. ఆ శరదృతువులో వేలకొలది జనులు నడుములోతు నీటిలో, అలల నురుగులో నిలబడి పొడుగాటి గాలపుకఱ్ఱలతో దానిని పట్టుదురు. మన అలుగు దగ్గరి జనసమ్మర్దమునకు అది సముద్రపు రూపము. చేప గుంపుగ కదలు దినములకొరకే ఇక్కడను అక్కడను మనుష్యుడు వేచియుండును.

అక్కడి వలసరాజ్యములు ఈ చేప విలువను మొదటనే గుర్తించినవి. 1639లో మసాచుసెట్సు బే వలసరాజ్యము దీనిని పొలములకు ఎరువుగ వాడుటను నిషేధించినది. 1670లో ప్లిమత్ వలసరాజ్యము ఈ చేపతో పాటు మరికొన్ని చేపల పన్నుతో ఉచిత పాఠశాలను నడుపుటకు నిశ్చయించినది. 1879లోను 1882లోను కొన్ని వందల చిన్న చేపలను రైలులో ఖండము దాటించి కాలిఫోర్నియా నీటిలో వదలగా, అవి అక్కడను వృద్ధిపొందినవి. ఇంత చేవగల చేప కూడ ఇరువదవ శతాబ్దములో తట్టుకొనలేకపోయినది. 1973లో వర్తకులు పట్టినది సుమారు 1 కోటి 47 లక్షల పౌన్లు కాగా, 1983 నాటికి అది 35 లక్షల పౌన్లకు పడిపోయినది. 1984లో అమెరికా ప్రభుత్వము ప్రత్యేక చట్టము చేసినది. మేరీలాండు రాష్ట్రము 1985 నుండి అయిదు సంవత్సరములు ఈ చేపల వేటను పూర్తిగ ఆపివేసినది. గ్రుడ్లు పెట్టు వయస్సు వచ్చువరకు చేపను పట్టరాదని కొలత నియమించిరి. 1995లో చేప కోలుకొన్నదని ప్రకటింపబడినది. 1999లో మెయిన్ రాష్ట్రపు కెన్నెబెక్ నదిపై 1837 నాటి ఎడ్వర్డ్సు ఆనకట్టను తొలగింపగా, చారల బాస్ తన పాతదారిలో మరల పైకెక్కినది.

కథ అంతటితో ముగియలేదు. 2019లో జరిపిన లెక్కలో ఈ చేప మరల హద్దుమీరి పట్టబడుచున్నదని తేలినది. నియమము ఒకసారి పెట్టి మరచునది కాదు, ప్రతి తరము లెక్కచూచి సవరించుకొనవలసినది అని దీనివలన గ్రహింపవచ్చును.

సూదిమందు చేసిన మేలు

మనదేశము మరియొక మార్గము త్రొక్కినది. పూర్వము చెరువులలో వేయుటకు పెద్దచేపల పిల్లలు కావలెనన్న, బెంగాలు నదులలో వరదకాలమున పట్టి, డబ్బాలలో నింపి రైళ్ళలో తెప్పించుకొనవలసి యుండెను. ప్రవాహము తగిలిన గాని చేప గ్రుడ్లు పెట్టదు గదా! ప్రవాహము చేయు పనిని గ్రంథిరసముతో చేయింపవచ్చునని మొదట 1930లో అర్జెంటీనాలో బెర్నార్డో హౌసే చూపెను. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, చేప పీయూష గ్రంథి రసమును సూదితో ఎక్కించి మన పెద్దచేపలచేత గ్రుడ్లు పెట్టించుటలో విజయము పొందెను. జూలై 10ని నేడు జాతీయ మత్స్యరైతుల దినముగ జరుపుకొనుచున్నాము. నాగార్జునసాగరపు పని సాగుచున్న సంవత్సరములలోనే ఈ విజయము లభించుట గమనింపదగినది. ఒకచోట చేప దారి మూయబడుచుండగా, మరియొకచోట దారిలేకుండనే పిల్లలను పుట్టించు ఉపాయము దొరకినది. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులలో ఉచితముగ చేపపిల్లలను వదలు పథకము చేపట్టుటకు మూలము ఆనాటి సూదియే.

అయితే ఈ ఉపాయమునకు ఒక హద్దు కలదు. తొట్లలో పుట్టించి చెరువులలో వదలు చేపలు నాలుగైదు జాతులవి మాత్రమే. పరిగెలు, జెల్లలు, వాలుగలు, బొమ్మిడాయిలు మొదలగు నాటుచేపలకు తొట్టియు లేదు, సూదియు లేదు. పేదయింటి కూరకుండలోనికి వచ్చునవి తరచు ఇవే. వీనిలో పెక్కింటికి ఆధారము వాగు, దానికి కలసిన చెరువు, ఆ రెండింటి నడుమ అలుగు.

అలుగు దగ్గర మనము చేయదగినది

సాగరపు గోడను తొలగింపుమని ఎవ్వరును అడుగరు. కాని చేప దారిలో గోడ ఒకటి, చేయి ఒకటి, రెండు అడ్డంకులున్నవి. ఫ్రాన్సిస్ డే 1873లో చెప్పినది ఇదే. గోడ మన చేతిలో లేదు, చేయి మనదే. వాగు వెడల్పంతయు దడికట్టి చేపలను తుడిచివేయక, సగము దారియైనను విడిచిపెట్టవచ్చును. మొదటి వరద వచ్చిన మూడునాలుగు దినములు అలుగు క్రింద వలవేయకుండుటకు మత్స్య సహకార సంఘమువారు, గ్రామస్థులు కలసి కట్టుబాటు చేసికొనవచ్చును. ముదిరాజులలో, గంగపుత్రులలో వృద్ధులకు ఏ చేప ఏ కార్తెలో ఎదురెక్కునో పుస్తకము చూడకుండనే తెలియును. ఆ జ్ఞానము వేటకు మాత్రమే గాక విరామమునకు కూడ ఉపయోగింపవలెను.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇందులో ఒక చక్కని పని చేయవచ్చును. పాఠశాలలో ఒక పుస్తకము తెరచి, మన ఊరి చెరువు ఏ తేదీన మత్తడి దూకినది, ఎదురెక్కినవి ఏయే చేపలు, వాని స్థానిక నామములేమి, పట్టినవానిలో ఎన్నింటి కడుపున గ్రుడ్లున్నవి, ఎన్ని దినములు ఎక్కినవి అను సంగతులను వ్రాయవలెను. వాన కొలతను, నీటి ఉష్ణోగ్రతను ప్రక్కన చేర్చవలెను. పదవ తరగతివారు వెళ్ళిపోవునపుడు పుస్తకమును తొమ్మిదవ తరగతివారికి అప్పగింపవలెను. పదేండ్లు గడచిన పిదప ఆ చెరువులో ఏ చేప నిలిచినది, ఏది కనబడకుండ పోయినది ఆ పుటలలో స్పష్టముగ కనుపించును.